కరెంటు ఎక్కడ కారిపోతోంది? పైన ఇంటికి 412, కింద కొట్టుకి 640 యూనిట్లు

బ్రాడీపేట కిరాణా:

గుంటూరు బ్రాడీపేట అండి. కింద కిరాణా కొట్టు, పైన మేముండే ఇల్లు, ఆ పైన డాబా. మీటర్లు రెండూ విడివిడిగా ఉన్నాయి. మే నెలలో ఇంటికి 412 యూనిట్లు, కొట్టుకి 640 యూనిట్లు వచ్చాయి.

ఇంట్లో ఒక టన్ను ఏసీ (త్రీస్టార్, ఇన్వర్టర్ రకం కాదు) రాత్రి పది నుంచి తెల్లవారుజాము ఐదు దాకా నడుస్తుంది. ఫ్యాన్లు మూడు, ఫ్రిజ్, టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై, 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉన్నాయి. గీజరు ఎండాకాలంలో ముట్టుకోం.

కొట్లో కంపెనీ వాళ్లు పెట్టిన కూల్‌డ్రింక్స్ అద్దాల ఫ్రిజ్, ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్, లావు చోకులున్న పాత ట్యూబ్‌లైట్లు నాలుగు, ఫ్యాన్లు రెండు, సీసీ కెమెరాలు, కారం పట్టే 3 హెచ్‌పీ మిషన్. మిషన్ రోజుకి రెండు గంటలు ఆడుతుంది.

సోలార్ పెట్టించమని ఒకళ్లు, ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ డబ్బా కొనమని ఇంకొకళ్లు చెబుతున్నారు. ముందు దేని మీద డబ్బు పెట్టాలి?

క్లాంప్ మీటర్:

ముందు దేని మీదా పెట్టకండి. మీటరు దగ్గరికి వెళ్లండి, ఖర్చు లేని పని.

మీటరు మీద 3200 ఐఎంపీ/కేడబ్ల్యూహెచ్ అనో, 1600 అనో రాసి ఉంటుంది. పక్కనే చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. 3200 మీటరైతే అది 3200 సార్లు మిణికితే ఒక యూనిట్. అంటే పది మిణుకులకి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 11,250ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఎన్ని వాట్లు లాగుతోందో వస్తుంది. 1600 మీటరైతే 22,500ని భాగించాలి. ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు.

రాత్రి పడుకునే ముందు ఏసీ, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు ఒక్క పది నిమిషాలు తీసి, ఈ లెక్క వేయండి. మిగతావి ఎలా ఉన్నాయో అలాగే వదిలేయండి. వచ్చేది మీరు వాడకుండానే కాలుతున్న కరెంటు. 100 వాట్లు 24 గంటలూ నడిస్తే నెలకి 72 యూనిట్లు. ఏసీ పెద్దదని అందరూ దాన్నే తిడతారు గానీ, ఎప్పుడూ ఆగని చిన్న వస్తువు ఏడాది మొత్తం మీద దానికి దగ్గరగా వచ్చేస్తుంది.

మీటరు దగ్గర ఉన్నప్పుడే ఇంకోటి చూడండి. ఈఎల్ లేదా ఎర్త్ అని రాసి ఉన్న లైటు వెలుగుతోందా? ఒకే బిల్డింగులో రెండు మీటర్లున్న చోట ఇది ముఖ్యం.

పవర్ సేవర్ డబ్బా విప్పితే లోపల ఉండేది ఒక చిన్న కెపాసిటర్, ఒక ఎల్‌ఈడీ. ఇంటి మీటరు బిల్లు వేసేది కేడబ్ల్యూహెచ్, అంటే యూనిట్ల మీద. కెపాసిటర్ తగ్గించే రియాక్టివ్ కరెంటుకి, అంటే పనేమీ చేయకుండా వైర్లలో వెళ్లి తిరిగొచ్చే కరెంటుకి, మీ బిల్లులో అసలు రేటే లేదు. డబ్బా పెట్టాక క్లాంప్ మీటర్లో (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) ఆంపియర్లు తగ్గినట్టు కనిపిస్తాయి, అది చూపించే అమ్ముతారు. మీటరు మిణుకుల్లో మాత్రం తేడా రాదు. కొట్టు బిల్లులో కేవీఏహెచ్ (రియాక్టివ్ కరెంటుని కూడా కలుపుకునే లెక్క) అని ఉంటే అది వేరే సంగతి, అప్పుడు కారం మిషన్ మోటారుకి సరైన సైజు కెపాసిటర్ పనికొస్తుంది. దానికీ ఈ డబ్బా కాదు.

బ్రాడీపేట కిరాణా:

చూశానండి. ఇంటి మీటరు 3200ది. అన్నీ ఆపాక పది మిణుకులకి 125 సెకన్లు పట్టింది, అంటే 90 వాట్లు. ఇన్వర్టర్‌కి వచ్చే మెయిన్ స్విచ్చి తీసేస్తే 375 సెకన్లు, 30 వాట్లు. ఈఎల్ లైటు రెండు మీటర్లలోనూ వెలుగుతోంది.

క్లాంప్ మీటర్:

అయితే ఒకే దెబ్బకి రెండు దొరికాయి.

ఇన్వర్టర్ ఒక్కటే 60 వాట్లు, నెలకి 43 యూనిట్లు. కరెంటు పోకపోయినా సరే. బ్యాటరీ నిండాక ఇన్వర్టర్ ఫ్లోట్‌లోకి, అంటే నిండిన బ్యాటరీని నిలబెట్టే సన్నటి ఛార్జింగ్‌లోకి దిగాలి, అప్పుడు టెర్మినల్స్ దగ్గర 13.5 నుంచి 13.8 వోల్టులు ఉంటాయి. మీది పన్నెండు గంటలు కరెంటు పోకుండా ఛార్జింగ్‌లో ఉన్నాక కూడా 14 దాటే ఉండి, బ్యాటరీ పక్కలు చేతికి వెచ్చగా తగులుతుంటే, ఒక సెల్ చచ్చిపోయి ఉంటుంది. ఐదు సెల్స్ నిండినా ఆరోది నిండదు కాబట్టి ఛార్జర్ ఎప్పటికీ ఆగదు, పోసిన నీళ్లు మరిగిపోతుంటాయి. నీళ్లు తరచుగా పోయాల్సి వస్తోందంటే అదే గుర్తు. హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత చూపే గొట్టం) ఆరు సెల్స్ చూడండి. ఐదింటి రీడింగ్ దగ్గర దగ్గరగా ఉండి ఒక్కటి మిగతావాటికన్నా 0.050కి మించి తక్కువ ఉంటే ఆ బ్యాటరీ అయిపోయినట్టే. యాసిడ్ పోస్తే బాగవుతుందని ఎవరైనా అంటే వినకండి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. మూతలు తీసినప్పుడు అగ్గిపుల్ల, అగరుబత్తి దగ్గరికి రానివ్వకండి, పైకొచ్చేది హైడ్రోజన్.

మిగతా 30 వాట్లు సెట్‌టాప్ బాక్సు, వైఫై, టీవీ. సెట్‌టాప్ బాక్సుని రిమోట్‌తో ఆపితే లైటు రంగు మారుతుంది తప్ప లోపల అది పని చేస్తూనే ఉంటుంది. టీవీ, బాక్సు రెండూ ఒక స్విచ్చి ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి రాత్రికి ఆపేయండి.

ఇక ఈఎల్ లైటు. ఫేజ్‌లో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే అది వెలుగుతుంది. రెండు మీటర్లలోనూ వెలుగుతోందంటే, కొట్టు న్యూట్రలూ ఇంటి న్యూట్రలూ ఎక్కడో బోర్డులో కలిసిపోయి ఉండాలి. సింగిల్ ఫేజ్ ఎలక్ట్రానిక్ మీటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకునేలా ఉంటాయి. ఫేజ్ కరెంటు ఒక మీటరుకి, అదే కరెంటు న్యూట్రల్ దారిలో రెండో మీటరుకి చేరితే, కొంత భాగానికి మీరు రెండుసార్లు కడుతున్నట్టు. చూడటం తేలికే: కొట్లో మెయిన్ స్విచ్చి, ఫేజ్ న్యూట్రల్ రెండూ తెగేది, పూర్తిగా దించండి. ఇంటి మీటర్లో ఈఎల్ ఆరిపోతే అనుమానం నిజమే. ఎలక్ట్రీషియన్ చేత మెట్ల కింద బోర్డు విప్పించి, ఏ సర్క్యూట్ న్యూట్రల్ ఆ మీటరు లింకుకే బిగించేలా విడదీయించండి. ఆరకపోతే ఇంట్లోనే ఎక్కడో ఎర్త్‌కి లీకేజీ ఉంది, అది బిల్లు కన్నా ముందు ప్రాణానికి సంబంధించిన విషయం. విడదీశాక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే దానంతటదే పడిపోయే స్విచ్చి) పెట్టించండి. అది ఊరికే పడిపోతోందని పీకేయించిన ఇళ్లలో చాలా వాటికి అసలు జబ్బు ఈ న్యూట్రల్ కలయికే.

పటమట ఏసీ సర్వీస్:

ఏసీ గురించి నేను చెబుతా. పైన డాబా అన్నారు కాబట్టి మీ ఏసీ పోరాడేది గదిలో వేడితో కాదు, శ్లాబుతో. రోహిణి కార్తెలో పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పది నుంచి ఆ వేడిని లోపలికి దించుతుంది. పరీక్ష ఇది: 26 డిగ్రీల దగ్గర పెట్టి, బయట యూనిట్ కంప్రెసర్ మొదటిసారి ఎప్పుడు ఆగుతుందో గమనించండి. అర్ధరాత్రి ఒంటిగంట దాకా ఆగకపోతే మీరు 24 పెట్టినా 26 పెట్టినా అప్పటిదాకా లాగే కరెంటు ఒకటే. డిగ్రీకి ఆరు శాతం ఆదా అని అందరూ చెప్పే మాట, కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలయ్యే గదిలోనే నిజం. ముందు శ్లాబు సంగతి చూసి తర్వాత 26, ఫ్యాన్ రెండు నంబర్లో.

ఏసీలో మీరే చూసుకోగలిగినవి: ఫిల్టర్లు ఎండాకాలంలో రెండు వారాలకోసారి కడగండి. చిన్న థర్మామీటర్ ఉంటే ఏసీ పైన లోపలికి వెళ్లే గాలి, కింద బయటికొచ్చే గాలి రెండూ చూడండి. ఇరవై నిమిషాలు నడిచాక 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. అంతకన్నా తక్కువ ఉండి, బయట సన్నపైపు మీద మంచు పేరుకుంటే గ్యాస్ తగ్గినట్టు. అప్పుడు "గ్యాస్ కొట్టి పోతా" అనేవాణ్ణి పంపించేయండి. గ్యాస్ ఖర్చయ్యే వస్తువు కాదు, తగ్గిందంటే లీకు ఉంది. బయట నట్ల దగ్గర నూనె మరక ఉంటే చాలా వరకు అక్కడే. లీకు కట్టి, వాక్యూమ్ చేసి, తూకం ప్రకారం నింపాలి. ఆర్32 గ్యాస్ అయితే అందాజా అసలు పనికిరాదు.

బయట యూనిట్‌ని రెండు గోడల మధ్య సందులోనో, బట్టలు ఆరేసే గ్రిల్లు వెనకో పెట్టకండి. వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. ముందు కనీసం మూడడుగులు ఖాళీ ఉండాలి.

ఫ్యాన్లలో ఫుల్ మీద పది పన్నెండు గంటలు తిరిగేదొక్కటే బీఎల్‌డీసీకి (తక్కువ కరెంటు లాగే మోటారున్న ఫ్యాన్) మార్చండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ 30 వాట్లు. రోజుకి 12 గంటలకి నెలకి 16 యూనిట్లు మిగులుతాయి. అతిథుల గదిలో ఫ్యాన్ మారిస్తే ఆ డబ్బు తిరిగి రావడానికి మీ అబ్బాయి పెళ్లి దాకా ఆగాలి. బీఎల్‌డీసీ పెట్టేటప్పుడు గోడ మీద రెగ్యులేటర్ తీసేసి వైరు నేరుగా కలపాలి, లేకపోతే ఫ్యాన్ లోపలి బోర్డు కాలిపోతుంది. ఎలక్ట్రీషియన్లు ఎక్కువ మంది మరిచిపోయేది ఇదే. పాత లావు రెగ్యులేటర్, తిప్పుతుంటే వేడెక్కే రకం, ఎక్కడైనా ఉంటే ఫ్యాన్ మార్చకపోయినా అది మాత్రం తీసి పారేయండి. నెమ్మదిగా తిప్పినా మిగిలిన కరెంటుని వేడి కింద తగలేస్తుంది.

డాబా సున్నం:

శ్లాబు మీద తక్కువ ఖర్చుతో పనయ్యేది తెల్ల పూతే. మార్చి మొదటి వారంలో వేస్తే ఆ ఎండాకాలమంతా లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రంగు ఎంత ఖరీదైనదన్నది తర్వాత సంగతి, కింద నేల ఎలా ఉందన్నదే ముఖ్యం. వైరు బ్రష్‌తో పాచి, దుమ్ము గీకి కడగాలి. బకెట్ నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో సుద్దతో గుర్తు పెట్టి అక్కడ వాలు సరిచేయాలి. పగుళ్లు పూడ్చాలి. నీళ్లు నిలిచే చోట ఏ పూతైనా మొదటి వానకే పొరలుగా లేస్తుంది.

సున్నమైతే రాతి సున్నం ఒక రోజు ముందు నానబెట్టి, వడగట్టి, బైండర్ గమ్ కలిపి, పాల చిక్కదనంలో రెండు కోట్లు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. మధ్యాహ్నం ఎండలో వేయకండి, తడి ఆరిపోయి పొడిలా రాలిపోతుంది. సాయంత్రం వేసి మర్నాడు పొద్దున్నే నీళ్లు చిలకరించాలి. సున్నం నానేటప్పుడు కుతకుత ఉడుకుతుంది, ప్లాస్టిక్ బకెట్ వద్దు, పిల్లల్ని దూరంగా ఉంచండి. వానలకి కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. రెడీమేడ్ కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్లు ఉంటుంది గానీ దుమ్ము పట్టి బూడిద రంగుకి తిరిగితే సగం పని పోతుంది. ఏడాదికోసారి కడిగితే చాలు. డబ్బా మీద రాసిన కవరేజ్ ఒక కోటుకా, రెండు కోట్లకా అన్నది చూసుకుని కొనండి, అక్కడే లెక్క తప్పుతుంది.

వాటర్ ట్యాంకు కింద, పూలకుండీల కింద వదిలేయకండి. పడగ్గది మీద భాగం ముందు పూర్తి చేయండి.

మిర్చి యార్డు మెకానిక్:

కొట్టు సంగతి. మీ 640లో ఫ్రిజ్, ఫ్రీజర్ రెండూ కలిసి ఎండాకాలంలో రోజుకి ఎనిమిది తొమ్మిది యూనిట్లు, అంటే నెలకి 250 పైన. కారం మిషన్ దాదాపు 170. లావు చోకు ట్యూబులు నాలుగు, చోకుతో కలిపి ఒక్కోటి 50 వాట్లు, పన్నెండు గంటలకి నెలకి 72. ఇవి 20 వాట్ల ఎల్‌ఈడీకి మారిస్తే 43 యూనిట్లు వెంటనే తగ్గుతాయి. పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబ్ పెడుతుంటే చోకు, స్టార్టర్ తీయించి నేరుగా వైరు వేయించండి.

అద్దాల ఫ్రిజ్ కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చారు గానీ, కరెంటు మీదే. వెనక, కింద ఉన్న కండెన్సర్ మీద కొట్లో దుమ్ము, పిండి, కారం పేరుకుని దుప్పటిలా కప్పేస్తాయి. ప్లగ్గు తీసి, రంగు వేసే మెత్తని బ్రష్‌తో పై నుంచి కిందికి దులపండి. అడ్డంగా రుద్దితే రెక్కలు వంగిపోతాయి. గోడకి ఆరు అంగుళాలు ఎడం ఉంచండి. తలుపు రబ్బరులో నోటు పెట్టి మూసి లాగండి, జారి వచ్చేస్తే అక్కడ చల్లదనం కారిపోతున్నట్టే. నాలుగు వైపులా చూడండి, ఎక్కువగా కిందమూల పోతుంది. రబ్బరు వంగిపోయి ఉంటే వేడినీళ్ల గుడ్డతో మెత్తబరిచి సాగదీసి చూడండి, చిరిగితే మార్చాల్సిందే. ఎండ పడమటి నుంచి షట్టర్ లోపలికి వస్తుంటే ఫ్రిజ్‌ని పక్క గోడకి జరపండి. పైన కంపెనీ పేరు వెలిగే బోర్డు లైటుకి విడిగా స్విచ్చి ఉంటుంది, పగలు ఆపేయండి.

కూల్‌డ్రింక్స్ మాత్రమే పెట్టే ఫ్రిజ్ అయితే రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా టైమర్‌తో ఆపొచ్చు. పాలు, పెరుగు, పన్నీరు అందులో ఉంటే మాత్రం వద్దే వద్దు. డీప్ ఫ్రీజర్‌కీ టైమర్ పనికిరాదు. దానికి కావాల్సింది మంచు గీకడం. గోడల మీద మంచు అర సెంటీమీటరు దాటితే ఆపి కరగనివ్వండి, కత్తితో పొడవకండి, గోడ లోపలే గ్యాస్ పైపు ఉంటుంది. లోపల గీత గీసి ఉంటుంది, ఐస్‌క్రీములు ఆ గీత పైకి పేర్చకండి.

కారం మిషన్లో కరెంటు పోయేది మూడు చోట్ల. బెల్టు వదులు: మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, ఎక్కువ దిగితే జారుతోంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది. రెండోది, అరిగిన సుత్తులు, మూసుకుపోయిన జల్లెడ. మిరపకాయ సరిగ్గా ఎండకపోతే జల్లెడ కళ్లు మూసుకుపోయి అదే కిలోకి రెట్టింపు సేపు ఆడించాల్సి వస్తుంది. తొడిమ దగ్గర వంచితే ఫట్‌మని విరగాలి, వంగితే ఇంకా తడి ఉంది, ఎండలో వేయమని తిప్పి పంపండి. మూడోది, ఒక ఆసామికీ ఇంకో ఆసామికీ మధ్య మోటారు ఊరికే తిరగడం. ఊరికే తిరిగినప్పుడు ఎంత లాగుతోందో క్లాంప్ మీటర్‌తో చూస్తే ఎక్కువ చూపిస్తుంది, పైన చెప్పినట్టు మీటరు మిణుకుల లెక్కే సరైనది. అయినా ఐదు నిమిషాల ఖాళీకి ఆపి మళ్లీ వేయడం మంచిదే, ప్రతి అర నిమిషానికీ ఆపితే మాత్రం స్టార్టింగ్ కెపాసిటర్ పోతుంది. వచ్చినవాళ్లని వరసగా కూర్చోబెట్టి ఒకేసారి ఆడించండి.

ఆటోనగర్ వీల్స్:

మధ్యలో వస్తున్నా, మన్నించండి. విజయవాడ ఆటోనగర్లో కార్ల టైర్ల షాపు. 5 హెచ్‌పీ కంప్రెసర్ పొద్దున్నుంచీ ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. పని లేనప్పుడు కూడా. మోటారు మార్చాలా?

క్లాంప్ మీటర్:

మోటారు జోలికి పోకండి, గాలి కారుతోంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరూ గాలి వాడకుండా చూసి, మోటారు ఎంతసేపు తిరిగింది, ఎంతసేపు ఆగింది అని నాలుగైదు సార్లు రాసుకోండి. ఉదాహరణకి 90 సెకన్లు తిరిగి 240 సెకన్లు ఆగితే, 90ని 330తో భాగించండి: 27 శాతం గాలి ఊరికే పోతోంది. 5 హెచ్‌పీ మోటారు 4.2 కిలోవాట్లు లాగితే, రోజుకి పది గంటలు, నెలకి 26 రోజులకి దాదాపు 300 యూనిట్లు. చిన్న షాపులో పది శాతం లోపు ఉంటే ఫర్వాలేదు.

ఎక్కడన్నది సబ్బు నీళ్లతో తెలుస్తుంది. మొదట క్విక్ కప్లర్లు, తర్వాత హోస్ క్లిప్పులు, గాలి కొట్టే గన్ను ట్రిగ్గర్, ట్యాంకు అడుగు డ్రెయిన్ వాల్వ్. టెఫ్లాన్ టేపు మర వైపే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడిపోతుంది. ట్యాంకు బయటికొచ్చే చోట బాల్ వాల్వ్ ఒకటి బిగించి, రాత్రికీ భోజనాలకీ మూసేయండి. కట్-ఆఫ్, అంటే మోటారు ఆగే ప్రెషర్, ఎంతలో ఉందో చూడండి. మీది కార్ల టైర్లే కాబట్టి 150 పీఎస్ఐ అక్కర్లేదు, నట్లు విప్పే గన్నుకి 90 సరిపోతుంది. కట్-ఆఫ్ 120కి దించండి. ఒక బార్, అంటే 14.5 పీఎస్ఐ, తగ్గిస్తే ఆరేడు శాతం కరెంటు మిగులుతుంది, లీకులు కూడా ఆ మేరకు మందగిస్తాయి. లారీ టైర్లు చేసేవాళ్లకి ఇది కుదరదు.

గాలి పీల్చే ఫిల్టర్ రేకుల షెడ్డు లోపల వేడిలో కాకుండా నీడ వైపు ఉండేలా చూడండి. ట్యాంకులో నీళ్లు రోజూ వదలండి.

బ్రాడీపేట కిరాణా:

అందరికీ ధన్యవాదాలు. బోర్డు విప్పించాను, న్యూట్రల్ కలిసిపోయిన మాట నిజమే. ఇంకో రెండు సందేహాలు. సోలార్ ఇప్పుడు పెట్టించుకోవచ్చా? ఇంటి రేటు కొట్టు రేటు కన్నా తక్కువ కదా, ఇంటి మీటర్ నుంచి ఒక వైరు దించి డీప్ ఫ్రీజర్‌కి ఇస్తే తప్పా?

క్లాంప్ మీటర్:

సోలార్: కేంద్రం సబ్సిడీ పథకం పీఎం సూర్యఘర్‌లో ఇంటి కనెక్షన్‌కి 1 కిలోవాట్‌కి 30,000, 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78,000 సబ్సిడీ. కొట్టు మీటరుకి రాదు. పైన చెప్పినవి చేసి, రెండు నెలల యూనిట్లు చూసి అప్పుడు సైజు నిర్ణయించండి. ఇప్పుడు 412 చూసి కొంటే అక్కర్లేని ప్యానెళ్లకి డబ్బు పెడతారు. ప్యానెళ్ల నీడ పడే చోట సున్నం అక్కర్లేదు, అదొక కలిసొచ్చే విషయం.

2022-23లో కరెంటు ఛార్జీల శ్లాబులు మార్చినప్పటి నుంచి ఇంటికి 226 నుంచి 400 మధ్య యూనిట్ 8.75, 400 దాటినవి 9.75. కాబట్టి 412 నుంచి 312కి దిగితే ఎనర్జీ ఛార్జీల్లోనే 887 రూపాయలు తగ్గుతాయి. ట్రూ-అప్ (పాత ఖర్చుల తేడాని తర్వాత వసూలు చేసేది) లాంటివి పాత వాడకం మీద వేసేవి, అవి వెంటనే దిగవు. మొదటి నెల బిల్లు చూసి ఏమీ తగ్గలేదనుకోకండి, యూనిట్లు చూడండి.

వైరు సంగతి: వద్దు. ఇంటి కనెక్షన్ వ్యాపారానికి వాడితే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద అనధికార వాడకమే. తనిఖీలో దొరికితే వర్తించే టారిఫ్‌కి రెట్టింపు లెక్క కట్టి వేస్తారు. అదీగాక, ఇంటి ఫేజ్ వైరు ఒక్కటే దించి న్యూట్రల్ కొట్టుది వాడితే ఇప్పుడే విడదీయించిన న్యూట్రల్ మళ్లీ కలుస్తుంది, ఈఎల్ లైటు మళ్లీ వెలుగుతుంది.